పద్దెనిమిదో గడి

పోయిన వారం పొడుగన్నను లాండ్రీ యార్డులో నిలబెట్టి వచ్చేశాం. చేతిలో మూడో నంబరు లారీ తాళంచెవి, ఎదురుగా ముక్కు చితికిన ఆ లారీ, పక్కన చెల్లెలు. వారం గడిచినా మనిషి అక్కణ్ణుంచి అంగుళం కదల్లేదు. కదలడానికి దారంటూ ఉంటే కదా!

కొత్తగా చదివేవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. ఇది ఆస్పత్రుల దుప్పట్లూ తెరలూ ఆపరేషను గౌన్లూ ఉతికే లాండ్రీ. ఉతికినవి మోసుకెళ్ళడానికి ఆరు లారీలున్నాయి. మరీ కొండంతవి కావు, మరీ చిన్నవీ కావు. వెనక నాలుగు చక్రాలూ, పైన రేకు పెట్టే, గాలి బ్రేకులూ ఉన్న మధ్యరకం బళ్ళు. నలభై ఒక్క రోజుల కిందట మూడో నంబరు లారీ వాలు రోడ్డు దిగుతూ ఆగలేదు. మలుపులో ఉన్న దర్జీ కొట్టు వసారాలోకి దూసుకుపోయింది. మిషను ముందు కూర్చుని కాజాలు కుట్టుకుంటున్న ముసలి దర్జీ అక్కడికక్కడే పోయాడు. లారీ నడిపినవాడు పొడుగన్నకు స్వయానా చెల్లెలి మొగుడు. తుంటి విరిగి ఆస్పత్రి మంచం మీద ఉన్నాడు, గుమ్మం దగ్గర పోలీసు కాపలా. కంపెనీవాళ్ళది ఒకటే పాట: బయల్దేరే ముందు డ్రైవరు బండి చుట్టూ తిరిగి చూసుకున్నాడు, అన్నీ బాగున్నాయని రాసి సంతకం పెట్టాడు, కాబట్టి బండి మంచిదే, మనిషే ఒళ్ళు తెలీకుండా తోలాడు.

ఆ సంతకం పెట్టింది బావ కాదు, పొడుగన్న. ఈ సంగతి మీకూ నాకూ తెలుసు, మంచం మీదున్న బావకూ తెలిసే ఉంటుంది. చెల్లెలికి మాత్రం తెలీదు. చెబుదామని పొడుగన్న రోజూ ఆమె ఇంటి గుమ్మం దాకా వెళ్ళడం, నీళ్ళు నమిలి వెనక్కి రావడం, నలభై రోజులుగా ఇదే పని.

ఎందుకు పెట్టాడయ్యా అంటే, ఆ యార్డులో అందరూ పెట్టేదే. పొద్దున్న ఐదూ ముప్పావులోగా తనిఖీ కాగితం ఆఫీసు కిటికీలో పడాలి. పడకపోతే ఆ ట్రిప్పు ఇంకొకడికి పోతుంది. కాగితంలో పద్దెనిమిది గడులు. టైర్లు, నట్లు, దీపాలు, అద్దాలు, నూనె కారుతోందా, బ్రేకులు పడుతున్నాయా... ఒక్కొక్కటీ కళ్ళతో చూసి, చేత్తో తట్టి టిక్కు పెట్టాలని రూలు. ముందొచ్చినవాడు టీ గ్లాసు పక్కన పెట్టుకుని, తనదీ, ఇంకా రానివాడిదీ కలిపి టకటకా కొట్టేస్తాడు. వాటికి టీ టిక్కులని పేరు కూడా ఉంది. ఇది తప్పని ఆ యార్డులో ఎవరికీ ఏనాడూ తోచలేదు. తోటివాడు ఆలస్యమైతే వాడి పొట్ట కొట్టకుండా కాపాడటమనే అనుకున్నారు. ఆ పొద్దున బావ పిల్లకి జ్వరం, రావడం ఆలస్యమవుతుందని కబురొచ్చింది. పొడుగన్న చెయ్యి చాచి అరలోంచి బావ పుస్తకం లాగి, పద్దెనిమిది టిక్కులు కొట్టి, బావ సంతకం గీకి పడేశాడు. అర నిమిషం పట్టిందేమో.

ఇప్పుడు లారీ పోలీసుల దగ్గర్నుంచి తిరిగొచ్చింది. "గంటలో చూసుకుని, కాగితం రాసిచ్చి, మెల్లగా షెడ్డుకి తోలుకుపో. నాలుగు కిలోమీటర్లే కదా" అని మేనేజరు తాళంచెవి పొడుగన్న చేతిలో పెట్టాడు. షెడ్డులో కొత్త బ్రేకు సామాను సిద్ధంగా ఉంది. మధ్యాహ్నానికల్లా పాతవన్నీ తుక్కులో పడతాయి. ఈ మాట మడతబల్ల దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న చెల్లెలి చెవిన పడింది. చేతిలో దుప్పటి అక్కడే పారేసి పరిగెత్తుకుంటూ వచ్చింది.

"కొలువన్నయ్యా" అంది ఆయాసపడుతూ. "షెడ్డుకి పోయేలోగా బ్రేకులు కొలిచి కాగితం మీద రాయి. లాయరు అడిగేది అదొక్కటే. బండి చెడిపోయుందని ఒక్క కాగితం ముక్క చూపించమ్మా, మిగతాది నేను చూసుకుంటానన్నాడు."

బండి చెడిపోయిందని తేలితే, బాగుందని రాసినవాడు అబద్ధం రాసినట్టే కదా. రాసింది తన మొగుడేనని నమ్ముతున్న ఆ పిల్లకి ఈ లెక్క తట్టలేదు. మొగుణ్ణి కాపాడుకుందామన్న ఆత్రంలో ఏ ఆడదానికి తడుతుంది? పొడుగన్నకు మాత్రం వెంటనే తట్టింది.

"కొలవాలంటే ఇద్దరుండాలే. ఒకళ్ళు పైన పెడలు తొక్కాలి, ఒకళ్ళు కింద చూడాలి."

"నేనున్నాగా."

"నీకు లారీ తొక్కడం ఏం తెలుసు?"

"పన్నెండేళ్ళుగా ఇస్త్రీ ప్రెస్సు పెడలు తొక్కుతున్నా. దీన్ని తొక్కలేనా? నసపెట్టకుండా పద."

పద అంటే నడవడం తప్ప పొడుగన్నకు ఇంకో మార్గం కనపళ్ళేదు. నిజం చెప్పొద్దూ, పదహారేళ్ళ ఉద్యోగంలో బండి చుట్టూ పూర్తిగా తిరగడం అతనికి అదే మొదలు. ఎడమ ముందు టైరు దగ్గర మొదలుపెట్టాడు. పైకి చూస్తే బాగానే ఉంది. చెయ్యి లోపలికి పోనిచ్చి తడిమితే లోపలి అంచు నున్నగా అరిగిపోయి తీగ తగిలింది. చక్రం నట్లలో ఒకదాని కింద తుప్పు చార కారి ఉంది. స్పానరు వేసి తిప్పితే పావు చుట్టు తిరిగింది. వెనక జంట టైర్ల మధ్య గులకరాయి ఒకటి ఇరుక్కుని ఎన్నాళ్ళయిందో ఏమో, రబ్బరులో గుంట చేసుకుని హాయిగా కూర్చుంది. కుడి వెనక దీపం లేదు. తలుపు గొళ్ళెం చేత్తో లాగితే ఊడొచ్చింది. దర్జీ కొట్టుకి గుద్దుకుంటే అయినవి కావు ఇవి. గుద్దుకున్నది ముక్కు, ఇవన్నీ ఒంటికి ఎప్పట్నుంచో ఉన్న జబ్బులు.

ఒక్కొక్కదాని దగ్గర ఆగుతుంటే, ఇక్కడో టిక్కు, ఇక్కడో టిక్కు అని తన చెయ్యి చేసిన పని కళ్ళకు కట్టింది. సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"చూశావా, చూశావా?" అంటోంది చెల్లెలు వెనకాలే వస్తూ. ప్రతి లోపానికీ ఆమె ముఖం కాస్త వెలుగుతోంది. "తుక్కు బండి! దీన్నిచ్చి తోలమన్నారు మీ బావని. రాసుకో, అన్నీ రాసుకో."

చక్రాల ముందూ వెనకా చెక్కదిమ్మలు దూర్చాడు. చెల్లెల్ని క్యాబిన్‌లోకి ఎక్కించి, ఇంజను వేసి గాలి మీటరు ముల్లు పైకెక్కేదాకా ఉంచి, ఆపేశాడు. నిలిపే బ్రేకు కూడా తీసేశాడు. లేకపోతే కొలత తేలదు. ఇక ఆ బండిని పట్టుకుని ఉన్నవి నాలుగు చెక్కదిమ్మలే.

"కాళ్ళు అందట్లేదు" అంది చెల్లెలు. నిజమే, ఆమె మనిషి గుప్పెడంత. మొగుడేమో బారు మనిషి.

"సీటు కింద మీట ఉంటుంది, ఎత్తి ముందుకి జరుపుకో. తొక్కమన్నప్పుడు అడుగంటా తొక్కు. వదలమన్నప్పుడే వదులు. మధ్యలో ఆలోచనలు పెట్టుకోకు."

"ఆలోచనలెక్కడున్నాయిలే ఇంకా" అందామె.

సుద్దముక్కా, ఇనప స్కేలూ తీసుకుని పొడుగన్న బండి కిందికి దూరాడు. అతని ఆరడుగుల రెండంగుళాలూ కిందికి పట్టవు. మోకాళ్ళ నుంచి కాళ్ళు బయటే ఉన్నాయి. ఈ కొలత పెద్ద విద్యేం కాదు. ప్రతి చక్రం దగ్గరా గాలి డబ్బా ఒకటి ఉంటుంది. పెడలు తొక్కితే దాంట్లోంచి కడ్డీ ఒకటి బయటికి తోసుకొచ్చి బ్రేకుని బిగిస్తుంది. కడ్డీ డబ్బాలోంచి వచ్చేచోట సుద్దతో గీత గీసి, పెడలు తొక్కించి, గీత ఎంత దూరం జరిగిందో చూడాలి. రెండంగుళాల లోపైతే బతికినట్టు. దాటితే కడ్డీకి ఉన్న బలమంతా ఆ ప్రయాణంలోనే అయిపోతుంది, చక్రాన్ని పట్టుకోదు.

"తొక్కు!"

పైన పెడలు కిర్రుమంది. కుడి ముందు కడ్డీ అంగుళమూ పావు. "వదులు." ఎడమ ముందుది అంగుళమున్నర. కుడి వెనకది రెండంగుళాలకి ఒక వెంట్రుకవాసి తక్కువ. చివరికి ఎడమ వెనక చక్రం దగ్గరికి పాకాడు. గీత గీసి, ఊపిరి బిగబట్టి, "తొక్కు" అన్నాడు.

గీత జరిగింది, ఇంకా జరిగింది, ఆగుతుందనుకున్నచోట ఆగలేదు. స్కేలు పెట్టాడు. మూడంగుళాలు. కొత్తగా సాగిందేమో అని వెర్రి ఆశతో కడ్డీని తుడిచి చూశాడు. మూడంగుళాల మేరా గ్రీజూ దుమ్మూ కలిసి నల్లగా పెచ్చు కట్టుంది. నెలల తరబడి అది అంతంత దూరం పోయి వస్తూనే ఉంది. ఆ పొద్దున వంగి చూసినవాడెవడికైనా కనపడేది. వంగలేదంతే.

"ఎంతొచ్చింది?" పైనుంచి కేక.

"మూడు."

"రెండుకి మించకూడదన్నావుగా! అబ్బ, అయితే చెడినట్టేగా! అన్నయ్యా, అయితే..." మాట మధ్యలో ఆగిపోయింది. "ఇక్కడేదో పుస్తకం ఉందే. సీటు ముందుకి జరిపానా, వెనకాలనుంచి జారి నా కాళ్ళ దగ్గర పడింది."

తనిఖీ పుస్తకం. తెల్లకాగితం చించి కిటికీలో ఇస్తారు, దాని పసుపు నకలు పుస్తకంలోనే ఉండిపోతుంది, పుస్తకం డ్రైవరుతో బండెక్కుతుంది. గుద్దుకున్న ఊపుకి ఎగిరి సీటు వెనకాల పడుంటుంది. పోలీసులకీ దొరకలేదు, కంపెనీకీ దొరకలేదు. నలభై ఒక్క రోజులు అక్కడే దాక్కుని, వచ్చి వచ్చి ఇవాళ, ఈ పిల్ల కాళ్ళ దగ్గరే పడాలా?

"దాన్ని ముట్టుకోకు. నేనొస్తున్నా" అన్నాడు. కంగారులో లేవబోతే నుదురు ఇరుసుకి ఠంగున కొట్టుకుంది.

"ఉండు, మీ బావ చేతిరాత ఇది. ముందురోజు తేదీ. సాయంత్రం బండి పెట్టేటప్పుడు రాసింది." అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "ఎడమ వెనక బ్రేకు పట్టడం లేదు. వాలులో బండి జారుతోంది. బాగుచేయకుండా బయటికి తీయవద్దు."

ఈ మాట పొడుగన్న ఇప్పుడే వింటున్నాడు. పొద్దున కాగితం రాసేవాడు ముందు నిన్న సాయంత్రం కాగితం చదవాలని రూలు. ఆ రోజు దాన్ని తిప్పి చూడనేలేదు. బావ మొత్తుకుని రాసిన ఆ నాలుగు మాటలూ తన అరచేతి కిందే ఉన్నాయన్నమాట.

"అన్నయ్యా! విన్నావా? ఆయన చెప్పాడు! ముందే రాసిచ్చాడు!" పైన చెల్లెలు ఏడుస్తూ నవ్వుతోంది. "నేను చెప్తూనే ఉన్నాను కదా, ఆయన అలాంటి మనిషి కాడని! దర్జీ పెళ్ళాం నా ముఖాన ఉమ్మేసినప్పుడు కూడా చెప్పాను. దేవుడా, ఉన్నావయ్యా! ఇది చాలు, లాయరుకి ఇదొక్కటి చాలు. దీని తెల్లకాగితం ఆఫీసులో ఏమైందో కనుక్కోమందాం. మింగేశారు దొంగవెధవలు!"

కాగితం తిప్పిన చప్పుడు వినపడింది. తిప్పొద్దని అరిచేలోపే ఆమె చదవడం మొదలుపెట్టింది.

"ఇదిగో, ఆ రోజుదీ ఉంది. టిక్కులు... అన్నిటికీ టిక్కులే." గొంతులో నవ్వు కొద్దికొద్దిగా తగ్గింది. "పద్దెనిమిదో గడి. నిన్నటి లోపం సరిచేశారా? సరిచేశారు, టిక్కు." కాగితం వెనక్కీ ముందుకీ తిరిగిన చప్పుడు. "ఆయనే చెడిందని రాసి, తెల్లారి ఆయనే సరిచేశారని ఎందుకు కొడతాడు? టైమేదో వేసుంది. ఐదూ నలభై."

యార్డు అవతల ఉతికే యంత్రాలు గిరగిరా తిరుగుతున్నాయి. ఎవరో కేకేస్తే ఎవరో పలుకుతున్నారు.

"ఐదూ నలభైకి ఆయన ఇంట్లో ఉన్నాడు" అంది చెల్లెలు, ఎవరికో లెక్క అప్పజెబుతున్నట్టు. "పిల్ల నుదుటి మీద తడిగుడ్డ మారుస్తున్నాడు. నువ్వెళ్ళు, ట్రిప్పు పోతుంది అంటే, ఏం పోదులే, మీ అన్నయ్య ఉన్నాడుగా అన్నాడు."

బండి చిన్నగా కదిలి చెక్కదిమ్మలకి ఆనుకుంది. మీదున్న ఇనుమంతా ఒక్కసారి మూలిగింది.

"చెల్లీ, పెడలు! పెడలు వదలకు!"

"ఎప్పుడో వదిలేశాను" అందామె. "బయటికి రా."

వచ్చాడు. ఒళ్ళంతా గ్రీజు, నుదుటి మీద రక్తం. ఆమె క్యాబిన్ మెట్టు మీద నిలబడి ఉంది, అందుకే అన్నా చెల్లెళ్ళ ముఖాలు ఒకే ఎత్తులో ఉన్నాయి. చెప్పడానికి ఒక్క అబద్ధమన్నా మిగిలిందేమోనని పొడుగన్న వెతుక్కున్నాడు. ఒక్కటీ దొరకలేదు.

"నువ్వేనా?"

"నేనే."

పుస్తకంతో అతని ఛాతీ మీద ఒక్కటి వేసింది. మళ్ళీ వేసింది. బలం చాలక మూడోసారి చెయ్యి మధ్యలోనే వాలిపోయింది. "నువ్వా! నలభై రోజులు నా ఇంటికొచ్చి, నా చేత్తో పెట్టింది తిని, నా పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని... నువ్వా?"

"సాయం చేస్తున్నాననుకున్నానే" అన్నాడు పొడుగన్న. అతనికే అసహ్యమేసింది ఆ మాటకి. "అందరం కొట్టేవే కదా. నీ మొగుడూ నాకు కొట్టాడు ఎన్నోసార్లు."

"అయితే ఆయనకి తెలీదా అవి ఉత్తుత్తివని? టీ టిక్కుని చూసి నమ్మేంత పిచ్చోడా?"

ఈ ప్రశ్నకి జవాబు, బండి కింద పడుకుని ఉన్న ఆ కాస్సేపట్లోనే పొడుగన్నకు తెలిసిపోయింది. చెప్పక తప్పలేదు.

"మిగతా పదిహేడూ నమ్మి ఉండడు. పద్దెనిమిదోది నమ్మాడు. ఆ గడి ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది, ఎవడూ లోపం రాయడు గనక. ఆ రోజు చెయ్యి ఆపుకోక దాన్నీ కొట్టేశాను. అది నా టిక్కని పోల్చుకున్నాడు. బ్రేకు మాట కదా, బావమరిది ఊరికే కొట్టడు, మెకానిక్‌ని అడిగే కొట్టుంటాడు అనుకున్నాడు. నన్ను నమ్మి ఎక్కాడే."

చెల్లెలు మెట్టు మీదే కూలబడింది. పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దాని అట్టని చేత్తో రాస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని పొడుగన్నకు అనిపించింది.

"పద. ఇప్పుడే పోదాం" అన్నాడు. "లాయరు దగ్గరికో, పోలీసుల దగ్గరికో. ఈ రెండు కాగితాలూ పెట్టి, రాసింది నేనని చెప్తాను. బావ ముందే చెప్పాడని తేలితే చాలా మటుకు తేలికపడతాడు."

"ఆలస్యమైంది."

"ఏమైంది?"

"నిన్న వాంగ్మూలం తీసుకున్నారు. నేను మంచం పక్కనే ఉన్నాను. తెల్లకాగితం చూపించి, ఈ సంతకం నీదేనా అని అడిగారు. నాదే అన్నాడు. గోడవైపు తిరిగి అన్నాడు. మళ్ళీ అడిగారు. మళ్ళీ నాదే అన్నాడు. వేలిముద్ర కూడా వేశాడు." ఆమె అన్న ముఖంలోకి చూసింది. "వాళ్ళు పోయాక నాతో ఏమన్నాడో తెలుసా? మీ అన్నయ్యకి ఇద్దరు పిల్లలు, మీ అమ్మ కూడా వాడి దగ్గరే, గుర్తుపెట్టుకో అన్నాడు. నొప్పికి మందులిస్తున్నారు కదా, ఏదో పలవరిస్తున్నాడనుకున్నాను."

పొడుగన్న లెక్కంతా తలకిందులైంది. ఇన్నాళ్ళూ, చెప్పేస్తే భారం దిగుతుంది, చెప్పేస్తే బావ బయటపడతాడు అన్న ఆశ ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉండేది. తానే ధైర్యం చెయ్యలేకపోతున్నాననుకున్నాడు గానీ, చెయ్యడానికి ఉన్న గడువు నిన్నటితో అయిపోయిందని అతనికేం తెలుసు? ఇప్పుడు నిజం చెప్తే బావ పోలీసులకి అబద్ధం చెప్పినవాడవుతాడు. చెప్పకపోతే, చెడిందని తెలిసీ బాగుందని రాసి బండి ఎక్కినవాడవుతాడు. ఎటు తిప్పినా ఆ మనిషే.

"అయినా చెప్తాను" అన్నాడు.

"చెప్పి?" చెల్లెలి గొంతులో ఇప్పుడు కోపం కూడా లేదు. "ఇద్దరూ లోపలికి పోతారు. నేను ఒక్కదాన్నే దుప్పట్లు మడతపెట్టి రెండు కొంపలు ఈడ్చాలి. అమ్మకి ఏం చెప్పను? నీ పెళ్ళానికి ఏం చెప్పను? నువ్వు ఈ మాట నలభై రోజుల కిందట చెప్పుంటే మనిషివయ్యేవాడివి. ఇవాళ చెప్తే నీ మనసు తేలికపడుతుంది, అంతే. నాకేం తేలికపడదు."

అంతలో ఆఫీసు తలుపు తెరుచుకుంది. మేనేజరు చేతిలో కొత్త తనిఖీ పుస్తకంతో గబగబా నడిచొస్తున్నాడు. మనిషి చెడ్డవాడని కాదు, ఇంట్లో ఎవరి వేలు తెగినా కంగారుపడే రకమే. కానీ ఈ నలభై రోజుల్లో అతనికి కంటిమీద కునుకు లేదు. ఆ సాయంత్రం బావ రాసిచ్చిన తెల్లకాగితం అందుకుని సొరుగులో పడేసిన చెయ్యి అతనిదే మరి.

"ఏమయ్యా, ఇంకా ఎంతసేపు? షెడ్డువాళ్ళు రెండుసార్లు ఫోను చేశారు." అప్పుడు చెల్లెలి ఒళ్ళో ఉన్నది చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. "అదెక్కడిది?"

చెల్లెలు అట్ట మీంచి చెయ్యి తియ్యలేదు.

"అది కంపెనీ పుస్తకమమ్మా. ఇటివ్వు."

"ఇవ్వకు" అన్నాడు పొడుగన్న. "ఇవ్వకే. బావ చేతిరాత ఉన్నది ఆ ఒక్క చోటే. అదీ పోతే ఇంకేం మిగల్దు."

చెల్లెలు లేచి నిలబడింది. నలభై ఒక్క రోజులు ఒక్క కాగితం ముక్క కోసం లాయరు మెట్లూ, పోలీసుల మెట్లూ, ఆఖరికి దర్జీ ఇంటి మెట్లూ ఎక్కి దిగిన మనిషి. ఆ ముక్క దొరికింది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, అన్నని ఒకసారి, మేనేజరుని ఒకసారి చూసింది.

"మా ఆయన నిన్నే చెప్పేశాడు సార్, సంతకం తనదేనని" అంది. "దీంతో మాకేం పని?"

పుస్తకం మేనేజరు చేతిలో పెట్టేసింది.

మేనేజరు ఊపిరి పీల్చుకున్నాడు. పుస్తకం చంకలో బిగించి, మెత్తగా మాట్లాడాడు. "మంచిపని చేశావమ్మా. మీ ఆయన విషయం నేను పైవాళ్ళతో మాట్లాడతాను." మాట్లాడడని ముగ్గురికీ తెలుసు. కొత్త పుస్తకం తెరిచి, కలంతో సహా పొడుగన్నకు అందించాడు. "నువ్వు ఆ కాగితం రాసేసి బయల్దేరు. ఏముంది, పద్దెనిమిది టిక్కులేగా."

చెల్లెలు మడతబల్లల వైపు అప్పటికే నడుస్తోంది. కాళ్ళీడ్చుకుంటూ, వెనక్కి చూడకుండా.

పొడుగన్న పుస్తకాన్ని లారీ రేకుకి ఆనించి రాయడం మొదలుపెట్టాడు. ఈసారి అర నిమిషంలో అవలేదు. మేనేజరు గడియారం చూసుకున్నాడు, దగ్గాడు, కాలు మార్చి నిలబడ్డాడు. తేదీ గడిలో ఇవాళ్టి తేదీ వెయ్యలేదు. నలభై ఒక్క రోజుల కిందటిది వేశాడు. టైము ఐదూ నలభై. పదిహేడు గడుల్లోనూ 'చూడలేదు' అని రాశాడు, ఒకదాని కింద ఒకటి. పద్దెనిమిదో గడి దగ్గర చోటు చాలక పక్కన ఉన్న ఖాళీలోకి పోయాడు. 'లోపం ఉందని డ్రైవరు ముందురోజు సాయంత్రమే రాసిచ్చాడు. నేను చదవలేదు. బాగుచేశారని టిక్కు పెట్టి, అతని సంతకం నేనే చేశాను. అతను నన్ను నమ్మి బండి ఎక్కాడు. ఇవాళ కొలిస్తే ఎడమ వెనక మూడంగుళాలు.' కింద తన సొంత పేరుతో సంతకం పెట్టాడు.

తెల్లకాగితం చించి మేనేజరుకిచ్చాడు. పసుపుదీ చించి, నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మేనేజరు మామూలుగానే చదవడం మొదలుపెట్టాడు. సగంలో పెదాలు ఆగిపోయాయి. తలెత్తి పొడుగన్న జేబు వైపు చూశాడు, యార్డు దాటబోతున్న చెల్లెలి వైపు చూశాడు. గేటు దగ్గర కూర్చున్న కాపలాదారుకి వినపడేలా గొంతు చించుకుని అరిచాడు.

"ఆ గేటు వేసెయ్! వీళ్ళిద్దర్లో ఎవర్నీ బయటికి పోనివ్వకు!"